ఊపిరి వినిపిస్తోంది

చక్రాల కుర్చీని నేరుగా అత్తగారి దగ్గరికే తెచ్చారు. వాళ్ళ తప్పేం లేదు, నెలనెలా గుండె పరీక్షకి వచ్చే మనిషి కదా, గుమ్మం దగ్గర నిలబడే వార్డుబాయ్‌కి కూడా ఆవిడ మొహం తెలుసు, కారు ఆగీ ఆగకముందే రండి పెద్దమ్మగారూ అంటూ భుజం పట్టుకుని దింపి కూర్చోబెట్టేశాడు, ఆవిడ నేను కాదయ్యా, నేను కాదయ్యా అంటూనే కూర్చుంది, అలవాటు అలాంటిది. అటువైపు తలుపు తెరుచుకుని తన కాళ్ళ మీద తాను దిగినవాడు ఆవిడ కొడుకు. చెమటకి ఒంటికి అంటుకుపోయిన చొక్కాని రెండు వేళ్ళతో పైకి లాగి సర్దుకుని, పుస్తకాలు చదివే ఆ గొంతుతోనే, ప్రతి అక్షరం విడివిడిగా వినిపించే ఆ గొంతుతోనే, "ఆవిడ కాదండీ, ఇవాళ్టికి పేషెంటుని నేను" అన్నాడు. వార్డుబాయ్ నవ్వాడు. అతని భార్య కూడా నవ్వింది, అదే ఇప్పుడామెకి మింగుడుపడటం లేదు, నవ్వింది, కారు తలుపు వేస్తూ నవ్వింది, ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే అతని మోకాళ్ళు మడతపడ్డాయి. ముప్పై రెండేళ్ళ మనిషి, గుమ్మాలకి తల తగిలేంత పొడుగు మనిషి, దండెం మీంచి జారిన దుప్పటిలా చప్పుడు లేకుండా కుప్పపడ్డాడు. అత్తగారు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచింది. ఆ కుర్చీలోనే అతన్ని వేసుకుని పరిగెత్తారు.

గంట పడుతుందన్నారు. మణికట్టు దగ్గర సన్నటి తీగ లోపలికి పంపి, గుండెదాకా తీసుకెళ్ళి, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి, మళ్ళీ మూసుకోకుండా అందులో చిన్న స్ప్రింగులాంటిది పెడతారట. డాక్టరమ్మ గబగబా చెప్పేసి లోపలికి వెళ్ళిపోయింది, ఆ అమ్మాయికీ అతని వయసే ఉంటుంది, జుట్టు ముడి సరిగా కుదరక ఒక పాయ చెవి మీద పడుతోంది, ఆ పాయని చూస్తూ కూర్చోవడంతో సగం మాటలు ఆమె చెవిన పడలేదు. హార్ట్ ఎటాక్ అన్న మాట పడింది. పడగానే ఆమె అత్తగారి వైపు చూసింది. మరి ఎవరివైపు చూస్తుంది? ఇంట్లో గుండె అంటే అత్తగారిదే. ఆ గుండెకి అల్మారాలో ఒక అర ఉంది, పూటపూటకీ గళ్ళున్న మందుల డబ్బా ఉంది, విడిగా తీసిపెట్టే ఉప్పులేని కూర ఉంది, అమ్మా నీ గుండె ఏమంటోంది ఇవాళ అని పొద్దున్నే అతను ఆడే పరాచికం ఉంది. మిగతా ఇద్దరికీ కూడా గుండెలున్నాయన్న సంగతి ఎవరికీ గుర్తే లేదు. ఎక్కడో పొరపాటు జరిగింది, పేర్లు తారుమారయ్యాయి, చక్రాల కుర్చీ దగ్గర జరిగినట్టే లోపల కూడా జరిగింది, ఇప్పుడే ఎవరో ఒకరు బయటికొచ్చి, అబ్బే, ఈయనకేం లేదు, కడుపులో గ్యాస్, తీసుకుపొండి అంటారు, అనాలి, అనకపోతే ఎలా?

ఎంత వయసు అని అడగని మనిషి లేడు. పేరు రాసుకున్నవాడు అడిగాడు, అడిగి రాసుకుని మళ్ళీ తలెత్తి పుట్టిన తేదీ సరిగా చెప్పారా అన్నాడు, రక్తం తీసుకెళ్ళినామె అడిగింది, స్ట్రెచరు తోసేవాడు కూడా ఎంత వయసమ్మా అని అడిగి అయ్యో అన్నాడు. ముప్పై రెండు, ముప్పై రెండు అని చెప్పీ చెప్పీ అది ఆమెకే అబద్ధంలా వినిపించడం మొదలుపెట్టింది. పక్క కుర్చీలో ఎవరికోసమో కాచుకుని కూర్చున్న ఒకావిడ, లోపల మీ నాన్నగారా అని అడిగింది. మా ఆయన అని చెప్పింది ఆమె. సిగరెట్లు కాలుస్తాడా అంది ఆవిడ. లేదు. మందు? లేదు. మరి బయటి తిండి ఎక్కువేమో? అదీ లేదు, గొంతు మీద బతికే మనిషి, చల్లటి నీళ్ళు కూడా ముట్టడు, వానలో తడవడు, పెళ్ళిలో కూడా గట్టిగా అరిచి మాట్లాడనివాడు. ఆవిడ మొహంలో నిరాశ కనబడింది. ఏదో ఒక తప్పు దొరికితే, ఓహో అందుకన్నమాట అనుకుని ఇంటికి పోయి తన కొడుకుని చూసుకుని నిశ్చింతగా పడుకుంటుంది పాపం. ఆ తప్పేదో ఉంటే బాగుండునని ఆమెకీ అనిపించింది. ఉంటే దాన్ని తిట్టుకుంటూ కూర్చునేది.

చెవులు మూసుకోవడం ఆమెకి చేతకాదు. కళ్ళు మూసుకుంది గానీ చెవుల పని చెవులు చేసుకుపోతున్నాయి. లిఫ్టు తలుపు పూర్తిగా మూసుకోక రెండోసారి ప్రయత్నిస్తోంది, ఎవరివో రబ్బరు చెప్పులు తడి నేల మీద అంటుకుని ఊడొస్తున్నాయి, పైన ఏసీ గొట్టంలో ఒక మేకు వదులైంది, అది సన్నగా అదురుతోంది, దాన్ని వినే ఓపిక ఈ ప్రపంచంలో ఇంకెవరికీ ఉండదు. ఆ ఎదురు తలుపు వెనకనుంచి మాత్రం ఏమీ రావడం లేదు. అంత మందం తలుపు, అంత చక్కగా బిగిసే తలుపు, ఇలాంటిది ఒక్కటి మనకుంటేనా అని ఎన్నిసార్లు అనుకున్నారో ఇద్దరూ. వాళ్ళకున్నదల్లా ఇంట్లో ఆ చివరి గది. కిటికీకి అడ్డంగా పాత పరుపులు, గోడలకి దుప్పట్లు, తలుపు సందుల్లో స్పాంజి ముక్కలు. మైకు ముందు అతను కూర్చుంటే ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి, అత్తగారు టీవీ ఆపాలి, చేతి గడియారం తీసి బయట పెట్టాలి. ఒకసారి ఫ్రిజ్ మళ్ళీ వెయ్యడం మర్చిపోయి సరుకంతా పాడైపోతే, మీ పుస్తకాలు మండ, నా పెరుగు సంగతేంటని అత్తగారు రెండ్రోజులు సాధించింది. అతను లోపల చదవడం, ఆమె హాల్లో కంప్యూటరు ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడం, మీట నొక్కితే ఆమె మాట అతని చెవిలో పడటం. ఒకే ఇంట్లో ఉంటూ రోజంతా తీగల్లోంచి కాపురం చేసే జంట వీళ్ళే అయ్యుంటారు. కళ్ళతో చదవలేనివాళ్ళు, తీరికలేనివాళ్ళు, వంట చేసుకుంటూ వినేవాళ్ళు, ఎందరో అతని గొంతులో పుస్తకాలు వింటారు. వాళ్ళెవరికీ వినపడకూడనిది ఒకటుంది, అదే ఊపిరి. మాటకీ మాటకీ మధ్య మనిషి గాలి పీల్చుకుంటాడు కదా, ఆ చప్పుడు. కంప్యూటరు తెర మీద మాటలన్నీ ఎత్తు ఎత్తు గీతల్లా కనబడితే ఊపిరి వాటి మధ్య చిన్న పురుగులా ఉంటుంది. దాన్ని పట్టుకుని తీసెయ్యడం ఆమె వృత్తి. అంత శుభ్రంగా తీసేవాళ్ళు లేరని పేరు. అందుకే అతను ఆమెని పిలిచేది పేరు పెట్టి కాదు, కత్తెరా అని.

నిజానికి ఆమెకి మొదట పరిచయమైంది అతను కాదు, అతని ఊపిరే. అప్పుడామె ఒక స్టూడియోలో జీతానికి పనిచేసేది, ఎవరో కొత్త మనిషి చదివిన పుస్తకం శుభ్రం చెయ్యమని ఇచ్చారు, మనిషిని చూడలేదు, వారాల తరబడి ఆ ఊపిరిని మాత్రం చూసింది. ప్రశ్న అడగబోయే ముందు ముక్కుతో చిన్నగా పీలుస్తాడు. ఏడుపు సన్నివేశం వస్తే ఊపిరి బిగపట్టేసి, అది దాటాక గుండెలనిండా తీసుకుంటాడు. నచ్చని వాక్యం వస్తే ముందుగా చిన్న నిట్టూర్పు. ఆ నిట్టూర్పు దగ్గర ఆమె నవ్వుకునేది, తనకీ ఆ వాక్యం నచ్చలేదు గనక. తర్వాతెప్పుడో మెట్ల దగ్గర ఎవరో వెనకనుంచి ఏమండీ అని పిలవబోతూ ముక్కుతో గాలి పీల్చుకుంటే, తిరిగి చూడకుండానే, పుస్తకం మీరే కదా చదివింది అంది. అతను బిత్తరపోయాడు. ఇంకా నేను నోరే తెరవలేదు కదా అన్నాడు. ఈ కథని పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు, ఈ అమ్మాయి దగ్గర అబద్ధమాడలేనండీ, ఊపిరి తియ్యగానే పట్టేస్తుంది అని. అందరూ నవ్వారు. అత్తగారు, అలాంటిదే కావాలి మా రేడియోకి అంది, చిన్నప్పటినుంచీ నోరు మూయనివాడని కొడుక్కి ఆవిడ పెట్టుకున్న పేరది. ఊపిరి తియ్యగానే పట్టేస్తుందట. ఏం పట్టుకుంది? ఆమె కుర్చీలో ముందుకి వంగి రెండు చేతులతో తల పట్టుకుంది.

ఇప్పుడు చదువుతున్న ఈ పుస్తకం మొదలుపెట్టినప్పుడే అతను విసుక్కున్నాడు, ఈ రచయిత ఫుల్‌స్టాపుకి పగవాడే, వాక్యం మొదలెడితే పేజీ దాటితే గానీ వదలడు, ఈయన ఊపిరి పీల్చకుండానే ఎలా బతుకుతున్నాడో అని. అందుకే మధ్యలో ఆయాసం. నిజమే కదా అనిపించింది, ఆ వాక్యాలు ఎవరికైనా ఆయాసం తెప్పిస్తాయి. ఆ తర్వాత దవడ నొప్పన్నాడు, ఎడమవైపు, కింది పళ్ళదాకా లాగుతోందన్నాడు. పొద్దస్తమానం నోరు ఆడించేవాడికి దవడ నొప్పి రాక ఏం వస్తుంది, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాంలే ఈ పుస్తకం అయ్యాక అనుకున్నారు, ఆమె వేడినీళ్ళ సంచి కట్టి ఇచ్చింది. చెమటలు పట్టేవి. ఫ్యాను ఆపిన గదిలో, పరుపుల మధ్య, మరి చెమట పట్టదా? ఆమె తువ్వాలు చేతికందించేది, రోజూ అందించేదే. మధ్యాహ్నం తిండి తినీ తినగానే పడిపోయినట్టు నిద్రపోయేవాడు, కూర్చుని చదివేవాడికి ఈ అలసటేంట్రా అని అత్తగారు దెప్పితే, నువ్వొకసారి ఈ వాక్యం చదివి చూడవే అమ్మా అని పుస్తకం ఆవిడ ఒళ్ళో పడేసేవాడు. ఇంకో ఇంట్లో అయితే, ఇంకో వృత్తిలో అయితే, కుర్చీలో కూర్చున్న మనిషి రొప్పుతుంటే, చెమట కారుతుంటే, దవడ పట్టుకుంటే ఎవరో ఒకరు ఉలిక్కిపడేవాళ్ళు. ఈ ఇంట్లో ప్రతిదానికీ ఒక కారణం సిద్ధంగా ఉంది, అన్నీ వాళ్ళ పనిలోంచి పుట్టిన మంచి కారణాలే, అన్నీ నమ్మదగ్గవే. ఒక్కటీ అబద్ధం కాదు. అదే ఆమెని చంపుతోంది.

పక్కన అత్తగారు ఏదో గొణుగుతోంది. నాకు రావలసింది, నాకు రావలసింది అంటోంది. మధ్యాహ్నం మాత్ర వేసుకునే వేళ దాటిపోయింది. ఆమె సంచిలోంచి డబ్బా తీసి మాత్ర చేతిలో పెడితే ఆవిడ దాన్ని చూసి, వాడికేస్తే పోయేది కదే, వాడికేస్తే పోయేది అంది. లోపలికి తీసుకెళ్ళే ముందు డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఇద్దరి మధ్యా ఇంకా అలాగే కూర్చుని ఉంది. తండ్రి ఉన్నారా? లేరు. ఏమయింది? అత్తగారు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది, పుణ్యాత్ముడమ్మా, నిద్రలోనే పోయారు. ఎన్నో ఏట? నలభై ఒకటి. డాక్టరమ్మ రాసుకుంటున్నది ఆగి ఆవిడ వైపు చూసింది. మళ్ళీ రాసుకుంది, వెళ్ళిపోయింది. ఆ చూపు తగిలినప్పటినుంచీ అత్తగారి మొహంలో ఏదో ఊడిపోయింది. పుణ్యాత్ముడు, నిద్రలోనే పోయాడు. ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆమె ఆ మాట ఎన్నిసార్లు వినలేదు? మామగారి ఫొటో చూపించి చెప్పేవాళ్ళు, ఎవరైనా మంచంలో తీసుకుని తీసుకుని పోయారంటే పోల్చి చెప్పేవాళ్ళు, మా వాడిది మహరాజు చావు అనేవాళ్ళు. నలభై ఒక్కేళ్ళ ఆరోగ్యవంతుడు పడుకుని లేవకపోవడమేంటని ఒక్కరూ అడగలేదు. అతనూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు, అంత అందంగా ఉంది ఆ మాట.

మాత్ర వేసుకోండత్తయ్యా అంది ఆమె. ఆవిడ వేసుకుంది. నీళ్ళ సీసా మూత బిగించడం ఇద్దరికీ చేతకాలేదు. ఆమెకి ఇదంతా ఎవరికో జరుగుతుంటే తాను హెడ్‌ఫోన్లలో వింటున్నట్టుంది. అవును, అవింకా మెడకే ఉన్నాయి, ఇంట్లోంచి అలాగే వచ్చేసింది, తీగ కిందికి వేలాడుతూ ఎక్కడా తగులుకోకుండా ఊగుతోంది.

పొద్దున పదకొండో అధ్యాయం. నాయకుడు చాలాకాలం తర్వాత తమ్ముడింటికి వస్తాడు, ఆ రావడమంతా ఒకటే వాక్యం. అతను మొదలుపెట్టాడు, సగంలో ఊపిరి వినిపించింది, చిన్నది కాదు, లోపలికి లాగినట్టు, చివర చిన్న కీచుమనే చప్పుడుతో. ఆమె మీట నొక్కి, ఊపిరి వినిపిస్తోంది, మళ్ళీ అంది. అతను మళ్ళీ చదివాడు. ఈసారి ఇంకా ముందే వచ్చింది. మళ్ళీ అంది. అసలు నాలుగో అధ్యాయం పంపినప్పుడు పుస్తకం చదివించే కంపెనీవాళ్ళు వెనక్కి తిప్పి పంపారు, ఊపిరి ఎక్కువగా వినిపిస్తోంది, సరిచేసి పంపగలరు అని. ఇన్నేళ్ళలో ఆమె పని వెనక్కి రావడం అదే మొదటిసారి, మొహం మీద కొట్టినట్టయింది, అప్పటినుంచీ పట్టుదలగా ఉంది. కత్తెరా, ఈ ఒక్కటీ నువ్వే కత్తిరించేసుకోవే, నావల్ల కావటం లేదు అన్నాడు. బతిమాలుతున్నట్టు అన్నాడు. ఎన్నని కత్తిరించను, కొంచెం నువ్వు కూడా చూసుకోవాలి కదా అంది ఆమె. అదీ ఆమె అన్నది. విసురుగా కూడా కాదు, మామూలుగా, చేతులు కట్టుకుని, తెర మీద ఆ పురుగుని చూస్తూ. అతను మూడోసారి చదివాడు. ఆ మూడోసారి చదివింది బాగా వచ్చింది, ఒక్క ఊపిరి కూడా లేదు, అంత పొడుగు వాక్యమూ ఒక్క బిగిన చదివేశాడు. ఓకే అంది ఆమె, చాలా బాగుంది అంది. తర్వాత తలుపు తెరుచుకుంది, ఛాతీ పట్టుకుని అతను బయటికొచ్చాడు, ఆసుపత్రికి పోదాం అన్నాడు.

ఊపిరి బిగబట్టి చదివాడు. గుండె చచ్చిపోతుంటే ఊపిరి బిగబట్టి చదివాడు, ఆమె కోసం. ఈ ఆలోచన వచ్చి తగలగానే ఆమె లేచి నిలబడింది, నిలబడి ఎందుకు లేచిందో తెలియక మళ్ళీ కూర్చుంది. నాలుగో అధ్యాయంలో పేజీకి ఒకటో రెండో అదనంగా ఉండేవి, ఐదులో మధ్య మధ్య, ఆరులో ఒక చోట వాక్యం మధ్యలో మాట విరిగిపోయి ఉంటే వేరే చోటినుంచి అదే మాట తెచ్చి అతికింది, అతికినట్టు ఎవరికీ తెలియదు, ఆ పనికి తనని తానే మెచ్చుకుంది కూడా. ఎనిమిదికి వచ్చేసరికి ప్రతి కామా దగ్గరా. తొమ్మిది శుభ్రం చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. వచ్చినవి వచ్చినట్టు తీసేస్తూ పోయింది, ఒక్కొక్కదాన్ని చూసి, విని, గుర్తుపట్టి, తీసి పారేసింది. అతని ఊపిరి మారుతోందని లోకంలో ఎవరికైనా తెలిసే అవకాశం ఉంటే అది తనకే. తనకే వినిపించింది. అధ్యాయాలు పంపినవి పంపినట్టే వినేవాళ్ళకి వదులుతారు, ఇప్పుడవి ఎవరో వంటింట్లో పెట్టుకుని వింటూ ఉంటారు, ఎంత హాయిగా చదువుతున్నాడో అనుకుంటూ ఉంటారు.

తలుపు ధడాలున తెరుచుకుంది. నర్సు పరిగెత్తుకుంటూ బయటికొచ్చి పక్క గదిలోకి వెళ్ళి ఏదో పెట్టె పట్టుకుని మళ్ళీ లోపలికి పరిగెత్తింది, ఎవరివైపూ చూడలేదు. తలుపు మూసుకునేలోపు లోపలి చప్పుడు కొంచెం బయటికి వచ్చింది. ఆమె చెవులు దాన్ని పట్టేసుకున్నాయి, ఎవరో గట్టిగా అంకెలు లెక్కపెడుతున్నారు, వాటి వెనక ఏదో యంత్రం ఆగకుండా ఒకటే కూత. ఏంటది, ఏంటది అని అత్తగారు చెయ్యి పట్టుకుంది. ఏం లేదత్తయ్యా అంది ఆమె. ఆ మాట అనడానికి కూడా గాలి సరిపోలేదు. పక్క కుర్చీ ఆవిడ లేచి దూరంగా వెళ్ళి నిలబడింది, ఇలాంటివి అంటుకుంటాయేమో అన్నట్టు. ఊపిరి తియ్యి. ఆమె ఆ తలుపు వంక చూస్తూ లోపల్లోపలే అంది, తియ్యి, తియ్యి, రొప్పు, ఈల వెయ్యి, గురక పెట్టు, ఎంత చప్పుడు కావాలంటే అంత చప్పుడు చెయ్యి, పదకొండో అధ్యాయం చెత్తకుండీలో పడేస్తాను, మైకు పగలగొడతాను, జన్మలో నీకు మళ్ళీ చదవమని చెప్పను, నేనెవరి ఊపిరీ తీయను, నువ్వు మాత్రం తియ్యి. అంకెలు మళ్ళీ వినిపిస్తాయేమోనని చెవులు రిక్కించింది. తలుపు మందం తలుపుదే. లిఫ్టు వచ్చింది, వెళ్ళింది. ఎవరో పొడి నవ్వు నవ్వుతూ ఫోన్లో మాట్లాడుకుంటూ పోయారు, లోకంలో ఇంకా నవ్వుతున్నారని ఆమెకి ఆశ్చర్యమేసింది. పొద్దున దాకా తనకీ భర్త ఉన్నాడు, పుస్తకం ఉంది, సాయంత్రం దేనికో బయటికి వెళ్ళాలని కూడా అనుకున్నారు, దేనికో ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు.

చివరికి డాక్టరమ్మే వచ్చింది. టోపీ తీసేసింది, జుట్టంతా నెత్తికి అంటుకుపోయి ఉంది. ఆ మొహం చూసి ఏమీ పోల్చుకోలేక ఆమె అలాగే చూస్తూ నిలబడింది. ప్రాణం దక్కిందండీ అంది డాక్టరమ్మ. మధ్యలో ఒకసారి గుండె ఆగింది, మళ్ళీ కొట్టించామంది, రక్తనాళం తెరిచాం గానీ గుండెలో కొంత భాగం దెబ్బతిన్నదంది, అది తిరిగి రాదు, ఇకమీదట మెట్లెక్కినా నిదానంగా ఎక్కాలి, బరువులెత్తకూడదు, ఈ రెండు రోజులూ గడవాలి. అత్తగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. డాక్టరమ్మ ఆ చేతుల్ని కిందికి దించి, ఆమె వైపు తిరిగింది.

"ఇది ఇవాళ మొదలైంది కాదండీ. కొన్ని వారాల ముందునుంచీ ఆయాసం లాంటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఎప్పటినుంచో చెప్పగలరా?"

"నాలుగో అధ్యాయం నుంచండీ" అంది ఆమె.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. పుస్తకం చదువుతాడని, ఊపిరి రాకూడదని, వస్తుంటే తాను తీసేస్తానని, నాలుగు నుంచీ ఎక్కువైందని, ప్రతి ఒక్కటీ తనకి వినిపించిందని, బాగోలేదని తీసేశానని. గొంతు ఎక్కడా తడబడలేదు, అదే ఆమెకి వింతగా ఉంది. డాక్టరమ్మ, మీకెలా తెలుస్తుందండీ, చాలామంది డాక్టర్లే ఈ వయసులో పోల్చుకోలేరు అంది, మంచిగానే అంది. ఆ మంచితనం ఎక్కడా అంటుకోలేదు, నేల మీద పడిపోయింది. డాక్టరమ్మ వెళ్ళిపోయింది. ఇక అత్తగారి మొహం చూడాలి. ఎలా చూస్తుంది? నా కొడుకు ఊపిరాడక కొట్టుకుంటుంటే వింటూ కూర్చున్నావా అని అంటే ఏం చెబుతుంది? అననీ, కొట్టనీ, ఇంట్లోంచి పొమ్మననీ. ఆమె తల వంచుకుని కూర్చుంది. అత్తగారు కూడా పక్కనే కూర్చుంది. ఎదురుగా గోడ వైపు చూస్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"వాళ్ళ నాన్నకి గురక ఉండేదే. ఇల్లు ఎగిరిపోయేలా పెట్టేవారు. పెళ్ళయినప్పటినుంచీ నేను కడుపునిండా నిద్రపోయింది లేదు. ఆ రాత్రి ఉన్నట్టుండి గురక ఆగిపోయింది. అమ్మయ్య అనుకున్నాను. అటు తిరిగి హాయిగా పడుకున్నాను, తెల్లారేదాకా."

ఆమె తలెత్తి చూసింది. ఆవిడ ఏడవడం లేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని మాట చెప్పేసిన మనిషి నోరు ఎలా ఉంటుందో అలా సగం తెరుచుకుని ఉంది. ఆమె ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేసింది. అప్పుడే నర్సు తలుపు కొంచెం తెరిచి, చూడటానికి ఒక్కరే రండి, ఎక్కువసేపు ఉండకూడదు అంది. ఇద్దరూ ఒకేసారి లేచారు. అత్తగారు ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయింది, కోడలి మెడకి ఉన్న హెడ్‌ఫోన్లు తీసి తన చేతిలోకి తీసుకుంది, జుట్టు చెవుల మీంచి వెనక్కి తోసింది.

"నువ్వెళ్ళు" అంది. "వెళ్ళి విని రా."

ఆమె చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.